గేటు బయట మూడు ఆదివారాలు

"తాతా, అమెరికాలో ఆడవాళ్ళకి ఓటు ఎట్లొచ్చింది? పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. చిన్నదిగా చెప్పు, చాలు."

చిన్నదిగానా? నన్ను పట్టుకొని చిన్నదిగా చెప్పమంటా ఉండావా కన్నా? డెబ్బై ఆరేళ్ళుగా ఈ పార్థసారథి నోట్లోనించి చిన్నదిగా వొచ్చింది ఒక్కటి లేదు. తుమ్మినా వీధి చివరిదాకా వినపడాల్సిందే. ఆ ఫోను అట్ల బల్లమీద పెట్టు, రికార్డు కానీ. ఫ్యాను కొంచెం తగ్గించు, నా గొంతు సగం అదే మింగేస్తా ఉండాది. ఆఁ, సరి.

తిరువొత్తియూరులో రైలు గేటుకి ఈ పక్క సాయంకాలం కాలేజీ ఒకటి ఉండేది, తెలుసునా? ఇప్పుడాడ ఏదో మొబైలు కొట్టు పెట్టినారు. ఆ కాలేజీలో అమెరికా చరిత్ర చెప్పిన మొదటి మొగోణ్ణి నేను. ఆఖరోణ్ణి కూడా నేనే, అది వేరే సంగతి. మైకు లేదు. మైకెందుకు? నేను ఈడ నిలబడి 'బోస్టన్' అంటే ఆడ గేటు పడినందుకు ఆగిన సైకిళ్ళోళ్ళు ఎవుర్రా పిలిచిందని తిరిగి చూసేవాళ్ళు. మనలి ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన పిల్లకాయలు చేతులకి నూనె జిడ్డు వొదలకముందే పరుగెత్తుకొని వొచ్చి ముందు బెంచీ పట్టుకొనేవాళ్ళు. టీ అప్పుడు ముప్పై పైసలు. ఒక్క టీ తాగి మూడు గంటలు చెప్పేవాణ్ణి. ఒకసారి నా పాఠం వింటా వింటా రైలు డ్రైవరే బండి ఆపేసినాడని చెప్పుకుంటారు. ఎవురు చెప్పుకుంటారా? నేనే చెప్తాననుకో, అయినా నిజం గాకుండా పోతుందా?

పుస్తకాలకి మౌంటు రోడ్డు పక్కనుండే అమెరికావాళ్ళ లైబ్రరీకి పోయేవాణ్ణి. లోపల ఏసీ. ఎండాకాలంలో నేను అంత చదువు చదివినానంటే సగం పుణ్యం ఆ ఏసీదే. ఆడ చదివిందంతా తెచ్చి వీళ్ళకి కత మాదిరి చెప్పేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఎట్లుండిందంటావు? కంపెనీలు కొండల మాదిరి పెరిగిపోయినాయి. బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పదేళ్ళ పిల్లకాయలు. అప్పుడు దేశాన్ని చక్కబెట్టాల అనేసి ఒక గాలి లేచింది. పిల్లల్ని మిల్లు మానిపించి బడికి పంపాలని ఒక గుంపు, సారా మానిపించాలని ఒక గుంపు, ఆడోళ్ళకి ఓటియ్యాలని ఒక గుంపు. సారా నిషేధం చెప్పడానికి నాకు కష్టమే లేదు. మన మద్రాసులోనూ నిషేధం ఉండేటప్పుడు పర్మిట్టు చూపించి తాగినోళ్ళు ఇద్దరు నా క్లాసులోనే కూర్చోనుంటారు, మిగతాది వాళ్ళే చెప్పేవాళ్ళు. ఆడోళ్ళ ఓటు మాత్రం... ఆ పాఠం నన్ను బాగా దెబ్బ కొట్టింది కన్నా. దానికే వొస్తా ఉండా.

ప్రతి పాఠం ముందు ఇంట్లో ఒకసారి ఆడి చూసుకుంటా. నాటకం మాదిరి. పెరట్లో రాతి తొట్టి పక్కన నిలబడి, చేతులు చాపి. చూసేది ఒక్కరే, మా అక్క. అదే, మీ అవ్వ కనకవల్లి. నాకన్నా పదకొండేళ్ళు పెద్దది. మీ అమ్మ ఇంకా చంకలో బిడ్డగా ఉండంగానే మీ తాత పోయినాడు. ఎవురు, నేనా? నేనుండా గదా, నీ ఎదురుగా. పోయింది నీ నిజం తాత, మీ అవ్వ మొగుడు. నేను తమ్ముడి వరసలో తాతని. ఆ తరవాత రెండేళ్ళకి మా నాయన కూడా పోయినాడు. ఇంట్లో మిగిలింది అక్క, చేతిలో మీ అమ్మ, పద్నాలుగేళ్ళ నేను. అక్క మన తెలుగు బళ్ళో మూడో క్లాసు టీచరు. ఆ జీతంతోనే నా చదువు, మా ముగ్గురి తిండి. నాకు మీసం మొలిచింది, డిగ్రీ వొచ్చింది, ఈ గొంతు వొచ్చింది అంటే అదంతా ఆమె పెట్టిన అన్నమే. ఇది మాత్రం నేను పెంచి చెప్పేది కాదు.

ఆ బడిని నడిపింది మన తెలుగు ఇండ్లోళ్ళ సంఘం. ఆ సంఘంలో తలకట్టు అని ఒక పద్ధతి. ఇప్పటి పిల్లలు మీకు తెలియదు. ఇంటికొక తలకట్టు, అంటే ఆ ఇంటి పెద్ద. పెద్ద అంటే ఇంట్లో మొగోళ్ళలో పెద్దోడు. మీటింగు మొదలయ్యేటప్పుడు సెక్రటరీ లేచి రిజిస్టరులో ఒక్కొక్క పేరే చదవాల. పేరు కలిగినోడు లేచి నిలబడి 'ఉండాను' అనాల. అన్నోడికే ఆ పూట కుర్చీ, అన్నోడికే ఓటు. మొగోడు లేని ఇంటి పేరు కొట్టేస్తారు. ఉత్సవానికి ప్రసాదం మాత్రం పంపిస్తారు, మర్యాదకేం తక్కువ లేదు.

మా నాయన పోయినాక మా ఇంటికి తలకట్టు ఎవురనుకుంటావు? నేను. పద్నాలుగేళ్ళోణ్ణి, అర నిక్కరు. ఆ దినం నా నిక్కరుకి ఇస్త్రీ చేసి పంపించింది అక్కే. నేను పోయి ముసలోళ్ళ నడుమ కుర్చీలో కూర్చున్నా, కాళ్ళు నేలకి అందలేదు. పేరు చదివితే నేను 'ఉండాను' అన్న అరుపుకి పందిట్లో పావురాలు లేచి మాధవరం పోయి వాలినాయి. ఇంటికొచ్చి జరిగిందంతా అక్కకి ఆడి చూపించినా. నవ్వి నవ్వి ఏడ్చేసింది. అప్పటినించీ అదే పద్ధతి. నేను పోయి కూర్చునేది, వొచ్చి ఆమెకి ఆడి చూపించేది. పద్నాలుగేళ్ళు. ఇరవై ఆరో ఏట నేనే సెక్రటరీ అయినా, రిజిస్టరు నా చేతికొచ్చింది. సంఘం పుట్టినాక అంత చిన్న వయసులో సెక్రటరీ ఇంకెవురూ లేరు. ముందరా లేరు, తరవాతా లేరు.

అప్పుడు సంఘం ప్రెసిడెంటు మునిరత్నం మామ. నూనె మిల్లు ఆయనది. చెడ్డోడు కాదు, చెప్పేస్తా ఉండా, ఎవురింట పెళ్ళయినా ముందు వొచ్చి నిలబడేవాడు. బళ్ళో పిల్లకాయలు తగ్గిపోయినారు, అందరూ ఇంగ్లీషుకి, అరవానికి పోతా ఉండారు, బడి షెడ్డు ఊరికే ఉండే బదులు డ్రమ్ములు పెట్టుకొనేవాళ్ళకి గోడౌనుగా ఇచ్చేద్దాం అన్నాడు. మూడు ఆదివారాలు మాట్లాడేది, మూడో ఆదివారం చేతులెత్తేది. నోటీసు రాసింది ఎవురు? సెక్రటరీ. అంటే నేను. ముత్యాల మాదిరి దస్తూరీలో రాసినా. బడి మూస్తే అక్క ఉద్యోగం పోతాది, పదహారేళ్ళుగా ఆమె అక్షరాలు దిద్దించిన బడి పోతాది. అది నాకు తెలుసు. అయినా సెక్రటరీ అన్నోడు నడిమధ్యన ఉండాల, ఎటూ చెయ్యెత్తగూడదు అనేసి ఒక ధర్మం కనిపెట్టుకున్నా. ధర్మం కాదులే. మునిరత్నం మామ కాలేజీ కమిటీలో కూడా ఉండాడు. అదీ సంగతి.

ఆ వారమే నాకు ఆడోళ్ళ ఓటు పాఠం. పెరట్లో మొదలు పెట్టినా. అక్క అరుగుమీద కూర్చుని మునగాకు దూస్తా ఉండాది. నేను మొదటి ప్రపంచ యుద్ధం చెప్పినా. దేశం దేశమే యుద్ధంలోకి దిగింది. ఆడోళ్ళు కొడుకుల్ని పంపినారు, నర్సులుగా పోయినారు, గుండ్లు తయారు చేసే ఫ్యాక్టరీల్లో నిలబడినారు. లోకంలో ప్రజాస్వామ్యం నిలపడానికే ఈ యుద్ధం అన్నాడు అమెరికా ప్రెసిడెంటు. ఇంట్లో ఆడోళ్ళకి మాత్రం ఓటు లేదు. యుద్ధం రాకముందే వాళ్ళు ఆయన బంగళా గేటు కాడ బ్యానర్లు పట్టుకొని నిలబడినారు, యుద్ధం వొచ్చినాక కూడా కదల్లేదు. వాన, మంచు, ఏదీ లెక్కలేదు. దారికి అడ్డమొచ్చినారనేసి జైల్లో పెట్టినారు. అన్నం మానేస్తే గొట్టం పెట్టి పోసినారు. గొట్టం కాడికొచ్చేసరికి నేను తొట్టిమీద వాలిపోయి గిలగిలా కొట్టుకున్నా. పక్కింటోళ్ళు మూర్ఛ అనుకొని తాళాలగుత్తి తీసుకొని పరుగెత్తుకొచ్చినారు.

అక్క మునగాకు దూస్తానే అడిగింది.

"గేటు బయట నిలబడినారా, లోపలా?"

బయటే అన్నా.

"అరిచినారా?"

నోరే తెరవలేదు అన్నా. సరి అనింది, అంతే.

ఇంక ఆఖరి అంకం. నా ప్రతాపం అంతా దాంట్లోనే. చట్టం రావాలంటే రాష్ట్రాలు ఒప్పుకోవాల. ఒక్క రాష్ట్రం తక్కువ పడింది. ఇంక ఓటెయ్యాల్సిన ఒక రాష్ట్రం సభలో ఇటు సగం, అటు సగం. సభలో అందరికన్నా చిన్నోడు ఒకడుండాడు, వొద్దనే పక్షం వాడు. కోటుకి ఎర్ర గులాబీ కూడా పెట్టుకొనుండాడు, వొద్దనేదానికి గుర్తుగా. కానీ జేబులో వాళ్ళమ్మ రాసిన జాబుంది. ఆడోళ్ళ పక్షాన ఓటెయ్యి నాయనా అనేసి. పేరు పిలిచినారు. వాడు లేచినాడు, సరే అన్నాడు. అంతే, దేశంలో ఆడోళ్ళకి ఓటొచ్చేసింది. ఇది చెప్తా నేను జేబులోనించి జాబు తీస్తా. జాబెక్కడుంటాది, కరెంటు బిల్లు. దాన్ని అట్ల వణుకుతా ఉండే చేత్తో విప్పితే రాళ్ళు కూడా కరగాల.

"ఆ పిల్లోడి కత ఇంకొకసారి చెప్పు" అనింది అక్క.

మెచ్చుకుంటా ఉండాదనుకొని రెండోసారి ఇంకా బాగా ఆడినా. అంతా చూసి, ఆకు తట్టలో పోసి లేచింది.

"ఆ పిల్లోడికి వాళ్ళమ్మ జాబు రాసేదాకా తెలియలేదా?"

అని లోపలికి పోయింది. నేను ఆ కరెంటు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నా. నాకేం తట్టలేదు. చరిత్ర లెక్చరర్ని గదా, జరిగిపోయినవే తెలుస్తాయి.

మొదటి ఆదివారం. సంఘం ఆఫీసుకి పోతా ఉండా, చేతిలో రిజిస్టరు. దూరం నించే చూసినా. గేటు బయట నలుగురు ఆడోళ్ళు వరసగా నిలబడి ఉండారు. బళ్ళో వంటమ్మ, ఇద్దరు పిల్లల తల్లులు, మా అక్క. వాళ్ళ చేతుల్లో తెల్లగుడ్డ. అది నా వేష్టి, నేను కట్టుకొనే పంచె, సగానికి చింపింది. దానిమీద నీలం రంగుతో, మూడో క్లాసు పిల్లకాయలకి బోర్డుమీద రాసినట్టు గుండ్రంగా రాసి ఉండాది. 'సెక్రటరీ గారూ, మీ ఇంటి తలకట్టు ఎవరు?'

నేనేం చేసినానంటావు? సింహం మాదిరి నడిచి పోయి, అక్క కళ్ళల్లోకి చూసి... లేదులే. ఆ ఫోను వింటా ఉండాది. చేపల సందులోనించి తిరిగి వెనక తలుపున దూరినా. చెప్పులకి పొలుసులు అంటుకున్నాయి. బయట ఏందప్పా గుంపు అని మునిరత్నం మామ అడిగితే, బళ్ళో ఏదో నాటకం ప్రాక్టీసు మామా అని చెప్పినా. పేర్లు చదివినా. నా పేరు వొచ్చింది. చదివేది నేనే, లేచేది నేనే. 'ఉండాను' అన్నా. పావురాలు కదల్లేదు.

ఇంటికిపోతే అక్క మామూలుగా అన్నం పెట్టింది. చారు, మునగాకు పొడికూర. ఒక్క మాట లేదు. కోపం ఉంటే తిట్టాల గదా, తిడితే నేను గొంతెత్తుతా, గొంతెత్తితే గెలుస్తా. ఆమె నాకు ఆ దారి ఇయ్యలా.

రెండో ఆదివారం వాళ్ళు ఆరుగురైనారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చదువుతా ఉండారు. చదువురానోళ్ళకి చదువొచ్చినోళ్ళు చదివి పెడతా ఉండారు. లోపల మునిరత్నం మామ నా పక్కకి వొంగి, "ఏమప్పా సారథీ, మీ ఇంట్లో ఈ దినం పొయ్యి మండలేదా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను ఆ మాటకి బల్ల గుద్ది ఇచ్చిన జవాబు ఇప్పటికీ తిరువొత్తియూరులో చెప్పుకుంటారు అనేసి ఇన్నేళ్ళూ చెప్పుకుంటా వొచ్చినా. మీ అమ్మకి కూడా అట్లే చెప్పినా. నేనూ నవ్వినా కన్నా. అందరికన్నా గట్టిగా నవ్వినా. కిటికీలోనించి అక్కకి వినపడే ఉంటాది, నా గొంతు అట్లాంటిది గదా.

ఆ వారం కాలేజీలో అదే పాఠం చెప్పాల్సి వొచ్చింది. చెప్పినా. గేటు చెప్పినా, గొట్టం చెప్పినా, పిల్లోడు లేచి నిలబడేది చెప్పినా. జేబులోనించి కరెంటు బిల్లు తీసినా. చప్పట్లు ఆగలేదు. వెనక బెంచీలో మనలి పిల్లోడొకడు లేచి, సార్, మీరే ఆడుంటే ఏం చేసుంటారు అని అడిగినాడు. అరగంట చెప్పినా, ఏం చేసుంటానో. ఆ అరగంటా ఆ కరెంటు బిల్లు నా చేతిలోనే ఉండాది. దానిమీద పేరు చూసినా. టి. పార్థసారథి. ఆ బిల్లు నేను ఒక్కసారన్నా కట్టినోణ్ణి కాదు. క్యూలో నిలబడి కట్టేది ఆమె, పేరు నాది. క్లాసు అయిపోయింది, అందరూ పోయినారు, నేను మాత్రం బల్లమీదనే కూర్చుండిపోయినా.

మూడో ఆదివారం. దీపావళి వొచ్చే ఐప్పసి నెల వాన, నీకు చెప్పక్కరలేదు, సముద్రం పైకి లేచి ఊరిమీద పడినట్టు. ఇంత వానలో నిలబడరులే అనుకున్నా. నిలబడినారు. నలుగురే మిగిలినారు. గుడ్డ తడిసి బరువెక్కి కిందికి జారతా ఉండాది, నీలం రంగు కారి అక్క మోచేతులమీదికి వొచ్చేసింది. నేను ఆ దినం ముందు గేటులోనే పోయినా. గొడుగు పట్టినా. ఆమె వొద్దని తలాడించింది. లోపలికి పోయి రిజిస్టరు విప్పినా.

పేర్లు చదువుతా ఉండా. ఒక్కొక్కరూ లేస్తా ఉండారు, ఉండాను, ఉండాను. రేకులమీద వాన మోత. నా పేరు వొచ్చింది. ఆడ ఆగినా. నా గొంతు గురించి నీకు ఇంతసేపు చెప్పినా గదా, రైలు ఆపే గొంతు. ఆ పూట అది రాలేదు. పిల్లిపిల్ల మాదిరి ఎక్కడో లోపలనించి వొచ్చింది.

"టి. కనకవల్లమ్మ" అని చదివినా.

మునిరత్నం మామ, ఆ పేరు రిజిస్టరులో లేదే అన్నాడు. పెన్ను తీసి నా పేరు కొట్టేసి ఆమె పేరు రాసినా, ఇప్పుడుండాది మామా అన్నా. అది సెక్రటరీ చెయ్యగూడని పని అన్నాడు ఒకాయన. మా ఇంటికి పద్నాలుగేళ్ళోణ్ణి రాసినప్పుడు ఏ పద్ధతి చూసినారు అని అడిగినా. ఇది పెంచి చెప్పేది కాదు. అడిగినా. మళ్ళీ చదివినా, ఈసారి కొంచెం గట్టిగా. టి. కనకవల్లమ్మ.

గేటు బయటనించి, వానలోనించి వొచ్చింది.

"ఉండాను."

అరుపు కాదు. క్లాసులో హాజరు పిలిచే టీచరు గొంతు.

మునిరత్నం మామ గేటుకేసి చూసినాడు. నేను చెప్పినా గదా, చెడ్డోడు కాదు. లోపలికొచ్చి చెప్పినోళ్ళదే లెక్క, బయటనించి చెప్తే ఎట్ల అన్నాడు. వొద్దనడానికి అన్నాడో, రమ్మనడానికి అన్నాడో, ఈనాటికీ నాకు తెలియదు. అక్క మాత్రం రమ్మన్నట్టే తీసుకొనింది. చెప్పులు బయట విడిచి, కొంగు పిండుకొని, నీళ్ళోడతా లోపలికొచ్చింది. ఇంటికి ఒకే కుర్చీ గదా. నేను లేచినా. ఆమె కూర్చునింది. కాళ్ళు నేలకి బాగా ఆనినాయి. తలకట్టు కానోడు సెక్రటరీగా ఉండేదానికి లేదు, అది కూడా పద్ధతే. రిజిస్టరు బల్లమీద పెట్టేసి బయటికి వొచ్చేసినా.

బయట బ్యానరుకి ఒక పక్క పట్టుకొనేవాళ్ళు లేరు, అక్క లోపలుండాది గదా. ఆ పక్క నేను పట్టుకున్నా. నన్ను అడిగే ప్రశ్న, నా వేష్టిమీద, నేనే పట్టుకొని నిలబడినా. మా కాలేజీ పిల్లకాయలు ఇద్దరు సైకిలుమీద పోతా చూసి, బ్రేకు వేసి, సార్ అని నమస్కారం పెట్టినారు. నేను నోరు తెరవలా. ఆడ నోరు తెరిచే పద్ధతి లేదు.

కిటికీ ఊచల్లోనించి చూస్తా ఉండా. బడి ఉండాల అనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ముందు లేచింది నీలం రంగు అంటిన చెయ్యి. ఆ చెయ్యి చూసి ఇంకో పది లేచినాయి. వొద్దనేవాళ్ళు అన్నారు. ఇరవై మూడు.

ఈ కత యాడ చెప్పినా ఒక్క ఓటుతో గెలిచినామని చెప్తా. రాయపురంలో చెప్పినా, మైలాపూరులో చెప్పినా, మీ అమ్మ పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళకి చెప్పినా. ఆ అమెరికా పిల్లోడి మాదిరి. గెలవలేదు కన్నా. పదకొండుకి ఇరవై మూడు. ఆ ఏడు పిల్లకాయల పరీక్షలయినాక బడి మూసేసినారు. డ్రమ్ములు వొచ్చినాయి. మీ అవ్వ మాధవరంలో ఇంకో బడికి మూడు బస్సులు మారి పోయేది. కమిటీలో మునిరత్నం మామ నా గురించి ఏమీ అనలేదు, నా ఉద్యోగం నిలిచింది. ఆ మరుసటి ఏడు రిజిస్టరులో ఇంకో నాలుగు ఆడపేర్లు ఎక్కినాయి. ఎక్కించింది నేను కాదు, నేను సెక్రటరీని కాదు గదా అప్పటికి.

ఆ దినం మీటింగు అయిపోయినాక ఇద్దరం నడిచి ఇంటికి పోతా ఉండాం. మోకాళ్ళ లోతు నీళ్ళు. నేను ఏడుస్తా ఉండా, వానలో తెలియదులే అనుకొని. ఓడిపోయినాం గదక్కా అన్నా.

ఆమె ఆగింది. కొంగుతో నా తల తుడిచింది, అర నిక్కరు వేసుకున్నప్పుడు తుడిచినట్టే.

"ఓడిపోయింది నేను. నీకు ఓటు యాడుండాది?"

ఆ మాట చెప్తా ఉంటే ఆమె మొహం చూడాల నువ్వు. గెలిచినోళ్ళ మొహాలు నేను బోలెడు చూసినా, అంత తల ఎత్తి నడిచినోళ్ళని మాత్రం చూళ్ళేదు. ముందర ముందర పోతా ఉండాది, నేను వెనక.

అయిదు మార్కులకి ఇదంతా రాయొద్దు, ఆ అమెరికా సంగతి రెండు పేజీలు రాయి, చాలు. పేపరుమీద నీ పేరు మాత్రం బాగా పెద్దదిగా, గుండ్రంగా రాయి కన్నా. మీ అవ్వ దస్తూరీ నీకు వొచ్చింది, అది నేను చిన్నప్పుడే చూసినా. చల్లగా ఉండు. ఎవురు పేర్లు చదివినా, యాడ చదివినా, నీది... నీ పేరు కూడా చదవాల. ఆఁ, ఫ్యాను పెట్టు ఇంక. చెమట పోస్తా ఉండాది.